కాలనీ ఐదు లక్షలు దేనికి పెట్టాలి: గుంతకా, చెట్టుకా, మిద్దె రంగుకా?

పోయినేడాది ఫిబ్రవరిలో మా కాలనీ జనరల్ బాడీ మీటింగ్ రాత్రి పదకొండు దాకా సాగింది. కమ్యూనిటీ హాలు అద్దె, మెయింటెనెన్స్‌లో మిగిలింది కలిపి అసోసియేషన్ ఖాతాలో ఐదు లక్షలు చేరాయి. "కాలనీ పచ్చగా ఉండే పని ఏదైనా చేద్దాం" అన్నారు ప్రెసిడెంట్ గారు. ఇంక చూడండి. పార్కులో లాన్, ఫౌంటెన్ కావాలని ఒకరు. ఇంకుడు గుంతలు తవ్విద్దామని ఇంకొకరు. అపార్ట్‌మెంట్ పై అంతస్తు వాళ్ళు మిద్దెకి కూల్ పెయింట్, అదే ఎండని వెనక్కి కొట్టే తెల్ల రంగు, వేయించమన్నారు. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు ఫోన్‌లో మియావాకీ అడవి (మొక్కలు దగ్గరదగ్గరగా నాటి పెంచే చిట్టడవి) వీడియో అందరికీ తిప్పి చూపించాడు. వెనక కుర్చీలోంచి ఒక పెద్దాయన లేచి, "ముందు ఆ మూలమీద మోకాలి లోతు నీళ్ళు ఆగకుండా చూడండయ్యా, అడవి సంగతి తర్వాత" అన్నాడు.

లెక్కలు రాసేవాణ్ణి కదా అని, అన్నీ పోల్చి చూసే పని నా మెడకి చుట్టారు. నెల రోజుల్లో చెప్పమన్నారు, మూడు నెలలు పట్టింది. ఆ తిరుగుడులో తెలిసిందీ, చేతులు కాల్చుకుని నేర్చుకుందీ ఇక్కడ రాస్తున్నాను. మాది హైదరాబాద్ తూర్పు వైపు, సొంత ఇళ్ళూ రెండు అపార్ట్‌మెంట్లూ కలిసిన కాలనీ. మీది విజయవాడో కరీంనగరో అయితే మట్టి మారుతుంది, రేట్లు మారతాయి. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే: మే నెలలో ఇది మనల్ని నీళ్ళడుగుతుందా, మనకి నీళ్ళిస్తుందా? దాని తోకగా ఇంకోటి: ఫొటోలు తీసుకుని అందరూ మర్చిపోయాక దీన్ని చూసేదెవరు?

ముందు వానలో ఒకసారి నడవండి

కొటేషన్లు తెప్పించే ముందు చేయాల్సిన పని ఇది. పైసా ఖర్చు లేదు. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని కాలనీ మొత్తం ఒక చుట్టు తిరగాలి. నేనూ వాచ్‌మనూ ఏప్రిల్లో అకాల వాన పడిన రాత్రి టార్చ్ లైటు పట్టుకుని బయల్దేరాం. మా ఆవిడ "నీకేమైనా పిచ్చా" అంది. ఆ అరగంటలో చూసింది పదేళ్ళుగా అక్కడే ఉండి చూడలేదు.

అపార్ట్‌మెంట్ మిద్దె మీంచి వచ్చే వాన నీళ్ళ పైపులు నేరుగా డ్రైనేజీ మ్యాన్‌హోల్లో కలిపేసి ఉన్నాయి. అందుకే ప్రతి పెద్ద వానకీ మ్యాన్‌హోల్ మూత టపటపా కొట్టుకుంటూ మురుగు పైకొస్తోంది. మేమేమో మున్సిపాలిటీని తిట్టుకుంటున్నాం. ఇంకో వింత పార్కు దగ్గర. కాలనీలో సిమెంటు లేని నేల ఏదైనా ఉందంటే ఆ పార్కే. దాని చుట్టూ రోడ్డు కంటే అడుగు ఎత్తున గట్టు కట్టి, గట్టుకి పసుపు నలుపు రంగులేశారు. రోడ్డు మీద నీళ్ళు కాలవలా వచ్చి, ఆ గట్టుని తాకి, పక్కకి తిరిగి, పెద్దాయన చెప్పిన మూలమీదకి పోతున్నాయి. నీళ్ళు తాగగలిగిన ఒక్క నేలకీ నీళ్ళు అందకుండా మేమే గోడ కట్టుకున్నామన్నమాట.

తర్వాత మేస్త్రీని పిలిచి గట్టుని ఆరు చోట్ల అడుగు వెడల్పున కోయించాం. లోపల మట్టిని ఓ జానెడు లోతున తీయించి పళ్ళెంలా చేయించాం. మొత్తం 22 వేలు. పెట్టిన డబ్బుకి అన్నిటికంటే ఎక్కువ పని చేసింది ఇదే. ఏ కంపెనీ బ్రోషర్లోనూ ఇది ఉండదు, ఎందుకంటే ఇందులో అమ్మడానికేమీ లేదు.

ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే అన్నిటికీ పనికొస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. 200 గజాల మిద్దె అంటే దాదాపు 167 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. ఆవిరి, చిందు, తొలి వాన కడిగేసే దుమ్ము అన్నీ తీసేసినా ఆ ఒక్క మిద్దె మీంచి లక్ష లీటర్లు వస్తాయి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఇరవై. మేలో ఫోన్ చేసి బతిమాలి తెప్పించుకునే ట్యాంకర్లివి. జూలైలో వాటిని మ్యాన్‌హోల్లో పోస్తున్నాం.

ఇంకుడు గుంత, ఇంజెక్షన్ బోరు: ఇక్కడే జాగ్రత్త

మా కాలనీలో ఒక ఇంకుడు గుంత అప్పటికే ఉంది. కొన్నేళ్ళ క్రితం ఓ కాంట్రాక్టర్ తవ్వి, రిబ్బన్ కట్ చేయించి వెళ్ళాడు. దాని మీద గ్రానైట్ పలక వేశారు, ఆ పలక మీద ఇస్త్రీ బండి పెట్టారు. బండి జరిపించి పలక ఎత్తితే దోమలు మబ్బులా లేచాయి. కంకర మీద జానెడు మందాన నల్లటి బురద, అందులో పాల ప్యాకెట్లు, ఒక చెప్పు. నీళ్ళు దిగే దారే లేదు. కారణం చూస్తే మూడు తప్పులు కనిపించాయి. కాలనీలో అన్నిటికంటే పల్లంలో, మ్యాన్‌హోల్ పక్కన తవ్వారు కాబట్టి మురుగు పొంగినప్పుడల్లా అందులోకి వచ్చింది. బురద ఆగే చిన్న తొట్టి గుంతకి ముందు కట్టలేదు. తవ్విన రోజు తర్వాత ఎవరూ దాన్ని తెరవలేదు.

అయినా గుంత చెడ్డదని కాదు నేననేది. చోటు చూసి తవ్వితే దాన్ని మించింది లేదు. చోటు ఎలా చూడాలంటే, ముందు తవ్వాలనుకున్న లోతు దాకా చిన్న గుంట తీయించండి. దాన్నిండా నీళ్ళు పోసి ఒక రాత్రి నాననివ్వండి. మర్నాడు మళ్ళీ పోసి, ఒక పుల్లకి గీత పెట్టి గంటకి ఎంత దిగిందో చూడండి. అరంగుళం కూడా దిగకపోతే అక్కడ తవ్వి లాభం లేదు. మేం మూడు చోట్ల చూశాం. పార్కు పక్కన గంటకి రెండున్నర అంగుళాలు దిగింది. గేటు దగ్గర నాలుగడుగులకే పరుపు బండ తగిలింది, పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. కాంట్రాక్టర్ గీసిన ప్లానులో గుంత ఉన్నది సరిగ్గా ఆ గేటు దగ్గరే, లారీ తిరగడానికి వీలని.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. నీళ్ళు నిలిచేది పైన ఉన్న మొరం పొరలో, బండల పగుళ్ళలో మాత్రమే. గుంత ఆ మొరాన్ని అందుకోవాలి. నల్లరేగడి అయితే ఇంకో తంటా: తడిస్తే ఉబ్బి నీటిని దిగనివ్వదు. రేగడి పొర దాటి కిందికి వెళ్ళకపోతే అది గుంత కాదు, తొట్టి.

కొలతల సంగతి. అందరూ తవ్వించే 6 అడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంతలో ఆరు వేల లీటర్లు పడతాయని చెబుతారు. అది ఖాళీ గుంత లెక్క. కంకర, ఇసుక నింపాక సందుల్లో పట్టేది రెండు, రెండున్నర వేల లీటర్లే. 200 గజాల మిద్దె మీద 15 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు అంతే వస్తుంది. అంటే మామూలు వానకి సరిపోతుంది, కుండపోతకి చాలదు. పొంగిన నీళ్ళు ఎటు పోవాలో పైపు పెట్టి చూపించకపోతే అవి మీ పునాదిలోకి చూస్తాయి. పునాదికి కనీసం పదడుగుల దూరం పాటించండి, సెప్టిక్ ట్యాంకు పక్కన అసలే వద్దు. కంకర బదులు సిమెంటు రింగులు దించి లోపల ఖాళీగా వదిలితే ఎక్కువ నీళ్ళు పడతాయి, శుభ్రం చేయడమూ తేలిక. కాకపోతే పిల్లలు పడకుండా గట్టి మూత, తాళం ఉండాలి.

ఇంజెక్షన్ బోరు అనేది ఇప్పుడు ఫ్యాషన్ అయింది. నీళ్ళని లోతుకి నేరుగా దించేస్తుంది, పరుపు బండ ఉన్నచోట అదే దిక్కు కూడా. నా అభిప్రాయం అడిగితే కొత్తగా వేయించొద్దు. మీ కాలనీలో ఎండిపోయిన బోరు ఒకటైనా ఉంటుంది. దాని కేసింగ్ (బోరు గొట్టం) చుట్టూ గుంత తవ్వి, కేసింగ్‌కి చిల్లులు పెట్టి, జాలీ చుట్టి, కంకర నింపితే సగం ఖర్చుతో అదే పని చేస్తుంది. మాకు 65 వేలయింది. దాంట్లోకి మిద్దె నీళ్ళు తప్ప రోడ్డు నీళ్ళు ఒక్క చుక్క పోనివ్వకండి. మామూలు గుంతలో మట్టి వడకడుతుంది, బోరులో ఆ వడపోత ఉండదు. బండ్ల నూనె, కుక్క పెంట కలిసిన నీళ్ళు నేరుగా మీ పక్కింటి వాళ్ళు తోడుకునే నీళ్ళలో కలుస్తాయి.

తమిళనాడులో 2003లో ప్రతి ఇంటికీ వాన నీటి ఏర్పాటు తప్పనిసరి చేశారు. మనకీ 2002 నాటి వాల్టా చట్టం (నీరు, నేల, చెట్ల రక్షణ చట్టం) ఉంది. ప్లాన్ అప్రూవల్ కాగితం మీద ప్రతి ఇంట్లోనూ గుంత ఉంటుంది. మా వీధిలో నలభై ఇళ్ళు తిరిగితే నేల మీద కనిపించినవి ఆరు.

చెట్టు: ఏ చెట్టు అన్నదే అసలు సంగతి

చెట్టు విలువ గురించి హైదరాబాద్ వాళ్ళకి పాఠం చెప్పనక్కర్లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారంటారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ చెట్టు ఏ మెయింటెనెన్స్ బడ్జెట్‌తో పెరిగిందో నాకైతే తెలియాలనుంది.

మనం నాటే చెట్లకి మాత్రం మొదటి మూడు మే నెలలు గండం. నర్సరీలో రెండడుగుల మొక్క పది, ఇరవై రూపాయలకి దొరుకుతుంది కాబట్టి వందల్లో నాటేస్తాం. మేకలు కొన్ని, ట్యాంకర్ రివర్స్ తీసుకుంటూ కొన్ని, దాహంతో మిగతావీ పోతాయి. ఎనిమిదడుగుల మొక్క, ఇనుప గార్డు, గుంట, ఎరువు అన్నీ కలిపి మాకు ఒక్కోటి 1,800 పడింది. అరవై నాటాం. ఒక వేసవి దాటాక యాభై ఒకటి బతికున్నాయి. దీనికి ముందు అసోసియేషన్ ఉచితంగా వచ్చిన 300 మొక్కలు నాటింది. వాటిలో ఎన్ని మిగిలాయని అడగకండి. తెలంగాణ 2019 మున్సిపాలిటీ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న మాట ఊరికే రాయలేదు. నాటడం ఒక పూట పని, బతికించడం మూడేళ్ళ పని.

చెట్టు ఎంపికలో అందరూ చేసే తప్పు, తొందరగా పెరిగేదాన్ని కోరుకోవడం. తొందరగా పెరిగే చెట్టు తొందరగా విరుగుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని తాకినప్పుడు ఊళ్ళో రోడ్లన్నీ పడిపోయిన చెట్లతో నిండిపోయాయి. మా తోడల్లుడు అప్పుడు అక్కడే ఉండేవాడు. వేళ్ళు పైపైన పరిచిన చెట్లే ఎక్కువ పడ్డాయని ఇప్పటికీ చెబుతాడు. తురాయి చూడ్డానికి ఎంత అందమో, గాలివానకి అంత పెళుసు. కారు పార్కింగ్ మీద అసలే వద్దు. కోనోకార్పస్ సంగతి మీకు తెలిసే ఉంటుంది: డివైడర్ల మీద పచ్చటి గోడలా పెంచారు, తర్వాత పుప్పొడితో ఎలర్జీలనీ, వేళ్ళు పైపుల్లోకి దూరుతున్నాయనీ గోల మొదలైంది. తెలంగాణలో నర్సరీల్లో పెంచడం మానమన్నారు. ఇప్పటికీ కొందరు నర్సరీ వాళ్ళు "సార్, ఆరు నెలల్లో పది అడుగులు" అని దాన్నే చూపిస్తారు.

నేనైతే కానుగకి మొదటి మార్కు వేస్తాను. నీడ చిక్కగా ఉంటుంది, నీళ్ళు పెద్దగా అడగదు, మేకలు ముట్టవు. మార్చిలో ఆకు రాల్చినా ఏప్రిల్ ఎండలొచ్చే సరికి కొత్త చిగురు వేసుకుని సిద్ధంగా ఉంటుంది. వేప సంగతి చెప్పక్కర్లేదు కానీ ఒక్క వేపే నాటకండి. 2021 ప్రాంతంలో తెలంగాణ అంతా వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి మాడిపోయినట్టు ఎండిపోయాయి, గుర్తుందా? ఫంగస్ తెగులు. చాలావరకు మళ్ళీ చిగురించాయి గానీ, వీధంతా ఒకే జాతి అయితే ఒకే తెగులుకి వీధంతా బోడి అవుతుంది. పొగడ నెమ్మది, కానీ నూరేళ్ళ చెట్టు, పైగా వీధంతా వాసన. నేరేడు మంచిదే, కార్లు ఆపే చోట మాత్రం వద్దు. మా ప్రెసిడెంట్ గారి తెల్ల కారు మీద ఊదా మచ్చలు పడి జరిగిన పంచాయితీ మినిట్స్ బుక్కులో కూడా ఎక్కింది. కరెంటు తీగల కింద పారిజాతం, దేవగన్నేరు, జామ లాంటి పొట్టివి పెట్టండి. లేకపోతే ఏటా లైన్‌మన్ వచ్చి సగం తల నరికేసి పోతాడు. రావి, మర్రి మొలకలు గోడ పక్కన కనిపిస్తే చిన్నప్పుడే తీసేసి పార్కు మధ్యకి మార్చుకోవాలి. పెద్దయ్యాక కొట్టాలంటే వాల్టా కింద అటవీ శాఖ పర్మిషన్ కావాలి, ఈలోపు గోడ పోతుంది.

ఉన్న చెట్ల మాట కూడా. రోడ్డు వేసినప్పుడు చెట్టు మొదలు దాకా సిమెంటు పోసేయడం మన అలవాటు. ఢిల్లీలో 2013లోనే చెట్టు చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆర్డరిచ్చింది. కొత్తగా పది నాటే ముందు, ఊపిరాడని పాత చెట్టు ఒకదాని చుట్టూ గునపంతో ఆ మీటరు తవ్వించండి. కూలీ ఒక్క పూటది.

మియావాకీ గురించి కుర్రాడికి న్యాయం చేయాలి కాబట్టి వెళ్ళి చూసొచ్చాను. చదరపు మీటరుకి మూడు నుంచి ఐదు మొక్కలు రకరకాలవి కలిపి నాటి, రెండు మూడేళ్ళు నీళ్ళు పెట్టి వదిలేస్తే చిట్టడవి అవుతుంది. తెలంగాణలో అటవీ శాఖ దీన్నే మార్చి యాదాద్రి మోడల్ అని పెంచింది. బాగానే ఉంటుంది. కానీ ఆ అడవిలో మీరు నడవలేరు, కూర్చోలేరు, పిల్లలు ఆడలేరు. ఎవరూ వాడని మూల ఒకటి, ముళ్ళ కంచె, మూడేళ్ళ నీళ్ళు మీ దగ్గరుంటే పెట్టండి. ఉన్న ఒక్క పార్కునీ దానికి ఇస్తే సాయంత్రం వాకింగ్‌కి వచ్చే ఆడవాళ్ళు మిమ్మల్ని క్షమించరు.

లాన్

వద్దు. రెండొందల చదరపు మీటర్ల లాన్‌కి వేసవిలో రోజుకి వెయ్యి లీటర్లు పట్టుకోండి. మే ఒక్క నెలకే ఆరు ట్యాంకర్లు. మనుషులు తాగడానికి ట్యాంకర్ లైన్లో నిలబడే నెలలో గడ్డికి ట్యాంకర్ తెప్పించే ధైర్యం ఏ ట్రెజరర్‌కి ఉంటుంది? ఫౌంటెన్ గురించి అడిగిన వారికి పార్కులో ఇంకో సిమెంటు బల్ల వేయించాం, అక్కడే కూర్చుంటున్నారు.

మిద్దె: తెలుపా, తోటా?

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్ళకి తప్పనిసరి అంది. విషయం కొత్తదేం కాదు. మా నాయనమ్మ ఇంట్లో ఏటా ఎండలకి ముందు మిద్దెకి సున్నం కొట్టించేవారు. తెల్ల మిద్దె ఎండని వెనక్కి కొడుతుంది, కింద గదిలో రెండు నుంచి ఐదు డిగ్రీల తేడా ఉంటుందంటారు. మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే మేడమ్ మాత్రం డిగ్రీల లెక్క చెప్పలేదు. "అన్నా, ఇదివరకు రాత్రి పదింటికి మంచం మీద పడుకుంటే పైనించి పెనం పెట్టినట్టుండేది, ఇప్పుడు ఫ్యాన్ గాలి గాలిలాగా తగులుతోంది" అంది.

పెయింట్, సున్నం, చైనా మొజాయిక్ మూడిట్లో సున్నం అన్నిటికంటే చవక, ఒక వానాకాలానికి సగం పోతుంది. కూల్ పెయింట్ మాకు చదరపు అడుగు 25 రూపాయల చొప్పున పడింది, కొన్నేళ్ళు ఉంటుంది గానీ దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, మార్చిలో ఒకసారి కడగాలి. తెల్ల పెంకు ముక్కలు పరిచే మొజాయిక్ ఖరీదైనా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మిద్దె కారుతుంటే ముందు ఆ పగుళ్ళు మూయించుకోండి, రంగు వాటిని మూయదు.

ఇబ్బందల్లా ఒక్కటే. తెల్ల మిద్దె చల్లదనం ఒక్క పై అంతస్తుకే. ఐదంతస్తుల్లో నాలుగు అంతస్తుల వాళ్ళు "మాకేంటి?" అంటారు, అన్నారు కూడా. మేం సగం అసోసియేషన్, సగం పై అంతస్తు వాళ్ళు పెట్టుకునేలా సర్దుబాటు చేశాం. ఈ సర్దుబాటు మాట రంగు డబ్బా తెరవకముందే కాగితం మీద పెట్టుకోండి.

మిద్దె తోట నాకిష్టం. మా ఇంటి మీద టమాటా, గోంగూర, బీర పండిస్తున్నాను. కానీ కాలనీ డబ్బుతో అపార్ట్‌మెంట్ మిద్దె మీద తోట వేయిద్దామంటే చేయెత్తి వద్దన్నాను. తడిసిన మట్టి అడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకి అర టన్ను బరువు. మామూలు మిద్దెని మనుషుల రాకపోకల కోసం చదరపు మీటరుకి 150 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. కుండీలు, గ్రో బ్యాగులు పిట్టగోడ వెంట, కింద దూలాలున్న చోట వరసగా పెట్టుకుంటే ఫర్వాలేదు. మధ్యలో మడి కట్టడం ఇంజనీరుని అడగకుండా చేసే పని కాదు. పైగా అందరి తోట అంటే చివరికి ఎవరి తోటా కాదు. మొదటి నెల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు, మూడో నెల ఎండిన కాడలు.

నేలకి పరిచే రాళ్ళు

పేవర్ బ్లాక్‌లు వేస్తే నీళ్ళు ఇంకుతాయని అమ్మేవాళ్ళు చెబుతారు. బ్లాక్ కింద ఏముందో చూడండి. ఇసుక పరుపు మీద సందులు వదిలి పేరిస్తే కొంత ఇంకుతాయి. మన దగ్గర చాలా చోట్ల కింద కాంక్రీటు పోసి, దాని మీద పేర్చి, సందుల్లో సిమెంటు పాలు పోస్తారు. అది రోడ్డే, కాకపోతే డిజైన్ ఉన్న రోడ్డు. కార్లు ఆపే చోట గడ్డి పెరిగే జల్లెడ బ్లాక్‌లు బాగుంటాయి, నీళ్ళ బండి లాంటి బరువైనవి తిరిగే చోట కుంగుతాయి. కొత్తగా వేయించే పనుంటేనే వీటి గురించి ఆలోచించండి, ఉన్న నేల తవ్వి మార్చేంత లాభం నాకు కనిపించలేదు.

ఎంత చేసినా ఆగని వాన

2020 అక్టోబర్ 13న హైదరాబాద్‌లో కొన్నిచోట్ల ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి పడింది. ఒక ఎకరం మీద అంత వాన అంటే పన్నెండు లక్షల లీటర్లు. మా గుంతలన్నీ కలిపినా దాని ముందు గ్లాసు నీళ్ళు. కొద్ది రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ ఇళ్ళు మునిగాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు విజయవాడని ముంచింది. అలాంటి రోజున మీ ఇంటిని కాపాడేది పైన ఉన్న చెరువు, కింద ఉన్న నాలా. 1908 వరద తర్వాత మూసీ మీద గండిపేట, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టింది అందుకే. మనం వాటిని తాగునీటి చెరువులుగానే గుర్తుపెట్టుకున్నాం.

చెరువు కాలనీ ఐదు లక్షలతో అయ్యే పని కాదు. కానీ మీ కాలనీ నీళ్ళు ఏ చెరువుకి పోతాయో, ఆ చెరువు అలుగు ఎటు పారుతుందో, మధ్యలో నాలా ఎక్కడ ఇరుకైందో తెలుసుకోవడానికి రూపాయి అక్కర్లేదు. మా నాలా ఒకచోట ఆరడుగుల నుంచి రెండడుగులకి కుంచించుకుపోయింది, దాని మీద ఎవరిదో టిఫిన్ సెంటర్ మెట్లు. అర్జీ ఇచ్చాం, ఇంకా నడుస్తోంది. ఇల్లు కొనబోయేవాళ్ళయితే ఎఫ్‌టీఎల్ మ్యాప్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చూపేది) చూశాకే పార్కులో ఎన్ని చెట్లున్నాయో చూడండి.

మరి ఎవరికి ఏది?

ఖాళీ నేల లేని అపార్ట్‌మెంట్ అయితే, మిద్దె పైపుల్ని డ్రైనేజీ నుంచి విడదీసి ఎండిపోయిన బోరుకి కలపడం మొదటి పని. తర్వాత తెల్ల మిద్దె. అంతకు మించి మీకు చోటు లేదు, బాధపడకండి.

సొంత ఇళ్ళ కాలనీ, పార్కు ఉందంటే గట్టు కోసి నీళ్ళని పార్కులోకి రానివ్వండి. నేల ఇంకుతుందని తేలిన చోటే గుంతలు తవ్వండి. చెట్లు ఇళ్ళ పడమర వైపు గోడల మీద నీడ పడేలా నాటండి, సాయంత్రం వేడి తగిలేది ఆ గోడలకే.

గేటెడ్ కమ్యూనిటీలకి డబ్బుకి లోటుండదు, లాన్లకి కూడా. అక్కడ నేనిచ్చే సలహా కొత్తగా ఏదీ పెట్టడం కాదు, లాన్‌లో సగం తీసేసి చెట్ల కిందకి మార్చడం, మిగిలిన సగానికి సొంత ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) శుద్ధయిన నీళ్ళు వాడటం.

పల్లెల్లో, చిన్న పట్టణాల్లో అయితే గుంత కంటే ఊరి కుంటలో పూడిక తీయించడమే మేలు. నేల ఉంది, పల్లం ఉంది, దారులు పూడిపోయాయంతే.

మా లెక్క చివరికి ఇలా తేలింది: గట్టు కోత 22 వేలు, అపార్ట్‌మెంట్ పైపులు విడదీయడం 70 వేలు, రెండు గుంతలు 90 వేలు, పాత బోరు 65 వేలు, చెట్లు లక్షా 8 వేలు, మిద్దె రంగులో సగం వాటా 50 వేలు. మిగిలిన 95 వేలు ఖర్చు పెట్టనివ్వలేదు. మూడు వేసవులు చెట్లకి నీళ్ళు పోసే మనిషికీ, ఏటా గుంతల్లో బురద తీయడానికీ విడిగా ఎఫ్‌డీ వేశాం. దీని మీదే ఎక్కువ వాదన జరిగింది. "డబ్బు బ్యాంకులో పెట్టి పచ్చదనం అంటావేంటి" అన్నారు.

ఒక్క ఏడాదికే బోరు నిండిందని చెప్పను. ఈ మేలో ట్యాంకర్లు తక్కువ పిలిచాం, నిజమే, కానీ పోయినేడాది వానలు కూడా బాగా పడ్డాయి. మూలమీద నీళ్ళు మోకాలి నుంచి చీలమండకి దిగాయి, పెద్దాయన ఇంకా సంతృప్తి పడలేదు. జూన్ మొదటి వారంలో గుంతలు తెరిచి కంకర పైపొర తీసి కడిగించాం. మూతల తాళంచెవి ఈ ఏడాదికి మా ఇంట్లో మేకుకి వేలాడుతోంది. ఉగాది తర్వాత 14వ నంబరు ఇంటికి వెళ్తుంది.